మోకాలి లోతు అనునయం

పెదగట్టులంక పురపాలక సంఘం ఒకప్పుడు చాలా మొరటుది. ఇప్పుడు చూసినవాళ్ళు నమ్మరు గానీ, రెండేళ్ళ కిందటి దాకా ఆ ఆఫీసువాళ్ళు జనాన్ని ఏయ్ అని పిలిచేవారు, పన్ను కట్టనివాడి గుమ్మం ముందు డప్పు కొట్టించేవారు, ఎక్కడైనా ఆక్రమణ ఉందని అనుమానం తగిలితే చాలు, తెల్లారేసరికి బుల్డోజర్ని తోలుకొచ్చేవారు. చివరికి ఆ బుల్డోజరే వాళ్ళ కొంప ముంచింది.

సంగతేమిటంటే, ఉప్పుకొట్ల వీధిలో మురుగుకాలువ మీద జనం ఎవరికి వాళ్ళు సిమెంటు చప్టాలు పోసుకున్నారు. స్కూటరు ఎక్కించడానికి కొందరు, సాయంత్రం కుర్చీ వేసుకుని గాలి పీల్చడానికి కొందరు, పక్కింటివాడు పోసుకున్నాడు కదా అని చాలామంది. చప్టాల కింద పూడిక తీసే వీలు లేదు. వాన పడితే నీళ్ళు కాలువలో పోవడం మానేసి వీధిలో నడిచేవి. అందుకని "వీధికి ఎడమ పక్కనున్న ఆక్రమణలను తక్షణం తొలగించవలెను" అని ఒక ఉత్తర్వు పుట్టింది. ఆ ఉత్తర్వు రాసినాయన బజారు వైపు నుంచి వీధిని ఊహించుకుని రాశాడు. బుల్డోజరు రేవు వైపు నుంచి వచ్చింది. బజారు నుంచి వస్తే ఎడమ చేతి పక్క చప్టాలుంటాయి. రేవు నుంచి వస్తే ఎడమ చేతి పక్క పురపాలక సంఘం వారి సొంత ఆసుపత్రి ఉంటుంది.

ఉత్తర్వు అక్షరం తప్పకుండా అమలు జరిగింది. మందుల గదిలోంచి కాంపౌండరు పెట్టిన కేకల్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆక్రమణదారులంతా అలాగే అరుస్తారు కాబట్టి. వరండా పోయింది, మందుల గది పోయింది, కట్టు కట్టించుకుంటున్న ఒకాయన సగం కట్టుతో పారిపోయాడు.

పై నుంచి విచారణ వచ్చింది. విచారించి విచారించి, ఈ అనర్థానికంతటికీ మూలం బలప్రయోగమేనని తేల్చారు. కుడి ఎడమల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక మీదట ఈ పురపాలక సంఘం ఎవరి మీదా ఎంత మాత్రమూ బలం ప్రయోగించదని, ప్రతి పౌరుణ్ణీ ఓర్పుతో, మృదువుగా, మనస్ఫూర్తిగా ఒప్పించిన మీదటే ఏ పనైనా చేస్తుందని కొత్త విధానం వచ్చింది. దాని పేరు అనునయ పథకం.

బుల్డోజరు దళానికి నాయకుడుగా ఉన్న జోగినాయుణ్ణి అనునయాధికారిని చేశారు. ఆయన గొంతు ఎలాంటిదంటే, రేవులో అరిస్తే బజారులో కూరగాయలవాళ్ళు గంపలు ఎత్తుకునేవారు. ఆ గొంతుకి పట్నంలో నెల్లాళ్ళ పాటు తర్ఫీదు ఇప్పించారు. చేతులు ఎంత ఎత్తున జోడించాలి, తల ఎటు వాల్చాలి, ఎదటివాడు తిడుతున్నప్పుడు కళ్ళు మూసుకుని కన్నతల్లిని ఎలా తలుచుకోవాలి అన్నీ నేర్పారు. ఆయన తిరిగొచ్చి "కాసిని మంచినీళ్ళు అనుగ్రహిస్తావా" అని అడిగేసరికి భార్య భయపడిపోయి నుదుటి మీద చెయ్యి వేసి చూసిందట.

అనునయం ఉప్పుకొట్ల వీధి నుంచే మొదలవ్వాలని నిర్ణయమైంది. వీధి చివర పల్లంలో మంగతాయారు పిండిమర ఉంది. వానొస్తే వీధి నీళ్ళన్నీ ముందు ఆ మరలోకే దిగుతాయి. పోయినేడు నీళ్ళలో మోటారు మునిగి కాలిపోయింది. కాయిలు మళ్ళీ చుట్టించుకుంది గానీ, ఇంకొకసారి మురుగు తాగిందంటే ఇంక బాగుచెయ్యడానికి ఏమీ ఉండదని మెకానిక్కు ముందే చెప్పేశాడు. మర ఆగితే తాయారుకీ, ఆమె మొగుడు సూరిబాబుకీ వేరే బతుకుతెరువు లేదు. కనుక మబ్బు పడితే ఊరంతా ఆకాశం వంక చూస్తుంది, తాయారు మాత్రం మోటారు వంక చూస్తుంది.

జోగినాయుడు మర ముందుకొచ్చి చేతులు జోడించి తల ఓ పక్కకి వాల్చాడు.

"నమస్కారమమ్మా, మంగతాయారు గారూ."

తాయారు వెనక్కి తిరిగి ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఇదివరకు ఆయన ఆమెను పిలిచిన పిలుపు వేరు.

"మర ముందు మీకున్న చప్టా విషయమై మీ అంతరంగంతో నాలుగు ముక్కలు ముచ్చటిద్దామని వచ్చానమ్మా."

"తీసేయండి" అంది తాయారు.

"ఏమిటమ్మా?"

"చప్టానండి. తీసేయండి. అందరివీ తీసేయాల, ముందు నాదే తీసేయండి. గునపం కూడా ఇత్తాను. ఏవయ్యా, ఇలా రా!" అని లోపలికి కేకేసింది.

జోగినాయుడి ముఖం వాడిపోయింది. సూరిబాబు తెచ్చిన గునపాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లను పడుకోబెట్టినట్టు గోడవార పెట్టాడు.

"అలా అనకూడదమ్మా."

"మరెలా అనాలండి?"

"తియ్యను అనాలి. మీరిలా అడగ్గానే ఒప్పేసుకుంటే భయపడి ఒప్పుకున్నట్టు లెక్క. భయం వల్ల కలిగిన సమ్మతి బలప్రయోగం కిందికి వస్తుందని విధానంలో స్పష్టంగా ఉందమ్మా."

"నాకేం భయం లేదండి. మీరంటే అసలే లేదు."

"ఇప్పుడు లేదు. ఇదివరకు ఉండేది కదా" అన్నాడు జోగినాయుడు, కొంచెం దిగులుగా.

"పోనీ మాదేదో మేమే పగలగొట్టేసుకుంటాం."

"అమ్మమ్మా, ఎంత మాట! ఏడు విడతల అనునయం పూర్తికాకుండా మీ చప్టా మీరు పగలగొట్టుకుంటే మీ మీద మీరే బలం ప్రయోగించుకున్నట్టు. కేసవుతుంది. నా మాట విని ఒకసారి కాదనండి. తర్వాత నేను చూసుకుంటాను."

తాయారు మొగుడి వంక చూసింది. ఆయన ఏమోనన్నట్టు పెదవి విరిచాడు.

"సరే. తియ్యను."

"కొంచెం మనసు పెట్టి అనండమ్మా."

తాయారుకు పోయినేటి మోటారు గుర్తొచ్చింది. "తియ్యనంటే తియ్యను! ఏం చేసుకుంటావో చేసుకోవయ్యా! నీ ఆఫీసుకొచ్చి చెప్పమన్నా ఇదే చెప్తాను!"

"ఏంటే నువ్వు చెప్పేది..." అని జోగినాయుడు ఒక్క గెంతు ముందుకేశాడు. వెంటనే నాలిక్కరుచుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు కన్నతల్లిని తలుచుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ తల ఓ పక్కకి వాలి ఉంది. "మొదటి విడత చాలా చక్కగా జరిగిందమ్మా. మళ్ళీ వారం కలుద్దాం" అని వెళ్ళిపోయాడు.

అలా వీధి పొడుగునా అనునయం సాగింది. విడత విడతకీ ఆఫీసు ఖర్చు మీద ఇంటిల్లిపాదికీ టీ, మరమరాల మిక్చరు పంచేవారు. ఎండ తగలకుండా చప్టా మీద షామియానా వేసేవారు. చప్టా యజమాని కుర్చీలో కూర్చునేవాడు, అధికారులు కింద చాప మీద కూర్చునేవారు. యజమాని ఒప్పుకున్న మరుక్షణం ఇవన్నీ ఆగిపోతాయి. ఒప్పుకోకపోతే మాత్రం తర్వాతి విడతకు అంతకన్నా పెద్ద అధికారి వచ్చి బతిమాలతాడు. ఇక ఎవరు ఒప్పుకుంటారు?

అందరికన్నా గట్టిగా నిలబడ్డవాడు సీతాపతిగారు. ఆయన రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. మరకి కాస్త అవతల, వీధి కాలువ వెళ్ళి పెద్ద కాలువలో కలిసే మూతి దగ్గర ఆయన ఇల్లు. ఆ మూతికి సరిగ్గా అడ్డంగా ఆయన చప్టా. అదొక్కటి కదిలితే సగం నీళ్ళు పోతాయి. మొదట్లో ఆయనా మామూలుగానే కాదన్నాడు. రెండో విడతకు జోగినాయుడి పై అధికారి వచ్చాడు. మూడో విడతకు డిప్యూటీ కమిషనరు వచ్చి, "తమ వంటి పెద్దలు" అంటూ సీతాపతిగారి మోకాలు పట్టుకున్నాడు. ముప్ఫైయేళ్ళు ఇలాంటివాళ్ళ గుమ్మాల ముందు చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి ఆయన. ఆ రోజు నుంచి ఇస్త్రీ బట్టలు వేసుకుని, పొద్దున్నే చప్టా మీద కూర్చుని, ఎవరొస్తారా అని ఎదురుచూడటం మొదలుపెట్టాడు. కలెక్టరుగారే స్వయంగా వచ్చి బతిమాలతారని కబురు రావడంతో ఇంటికి సున్నం కూడా వేయించాడు.

ఇదంతా చూసి చప్టాలు లేనివాళ్ళు కడుపు మండి కూర్చున్నారు. మేమేం పాపం చేశాం, మమ్మల్నెవరూ బతిమాలరేం అని అడిగారు. మీకు చప్టా ఉంటే బతిమాలతాం అని ఆఫీసువాళ్ళు నిజమే చెప్పారు. నెల తిరక్కుండా అందరూ చప్టాలు పోసుకున్నారు. పథకం పరిధిలోకి వచ్చిన పౌరుల సంఖ్య రెట్టింపయిందని పురపాలక సంఘానికి ప్రశంసాపత్రం వచ్చింది. వీధిలో ఇక కాలువ అనేది కంటికి కనపడటం మానేసింది.

అంతలో వానాకాలం తొలి వాన పడింది. పెద్దది కూడా కాదు. మధ్యాహ్నం భోజనాలవేళ మొదలై, ఎంగిలి చేతులు కడుక్కునేసరికి తాయారు మరలో చీలమండల లోతు నీళ్ళు నిలిచాయి. మొగుడూ పెళ్ళాం కలిసి మోటారు కింద ఇటుకలు పేర్చి ఎలాగో గట్టెక్కించారు. నీటి అంచుకీ మోటారుకీ మధ్య బెత్తెడు దూరం మిగిలింది. గోడవార ఉన్న ఒక బస్తా మాత్రం మురుగులో మునిగింది. అవి సీతాపతిగారి మిరపకాయలు, ఏడాదికి సరిపడా కారం ఆడించడానికి ఇచ్చినవి.

తాయారు ఏడవలేదు, తిట్టలేదు. ఒక బుట్టెడు తడి మిరపకాయలు తీసుకెళ్ళి సీతాపతిగారి చప్టా మీద, ఆయన కుర్చీ ముందు పెట్టింది.

"ఏమిటే తాయారూ ఇది?"

"మీ మిరపకాయలండి, బాబాయిగారూ."

ఆయన ముక్కు మూసుకున్నాడు. "నువ్వూ బతిమాలడానికొచ్చావా? శుక్రవారం కలెక్టరుగారొస్తున్నారు, తెలుసా? ఇంతమంది ఆఫీసర్లకి లొంగనివాణ్ణి నీకు లొంగితే నా మాటకి విలువేముంటుంది?"

"నేను బతిమాలట్లేదండి. ఓసారి వాసన చూడమంటన్నాను, అంతే. మీ ఇంటోళ్ళు ఏడాది తినాల్సిన కారం కదండి."

సీతాపతిగారు ముక్కు మీద చెయ్యి తీసి చూశాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, బుట్ట చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"నాకు తెలీక కాదే తాయారూ" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నా జన్మలో నన్ను ఎవరూ కూర్చోమని అన్లేదు. వాళ్ళు కింద కూర్చుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టేసరికి... సరే. మీ ఆయన్ని రమ్మను. గునపం ఉందా?"

సూరిబాబు గునపం వేశాడు. సీతాపతిగారు ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి తనూ ఓ చెయ్యి వేశాడు. పక్కింటివాళ్ళు వింత చూద్దామని వచ్చి, ఊరికే నిలబడటం బాగుండదని వాళ్ళూ పట్టారు. చప్టా లేచింది. కింద పూడిక కదిలి, వీధిలో నిలిచిన నీళ్ళు పెద్ద చప్పుడు చేసుకుంటూ కాలువలో పడి పోయాయి. తాయారు మరలోకి పరిగెత్తుకెళ్ళి చూసింది. నేల కనపడుతోంది. ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది. ఇంత సులువుగా అయ్యే పనికా ఇన్నాళ్ళూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సాయంత్రం ఆ వీధిలో అందరూ సంతోషంగా ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే జోగినాయుడు పరుగున వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరు ఒప్పించారండీ మిమ్మల్ని?"

"మిరపకాయలు" అన్నాడు సీతాపతిగారు.

"ఇది అనధికార అనునయం! మూడో విడత దగ్గర ఉన్న మనిషి, నాలుగు విడతలు మిగిలుండగా ఎలా ఒప్పుకుంటాడండీ? కలెక్టరుగారు శుక్రవారం వచ్చి దేన్ని చూసి బతిమాలతారు? చప్టా మళ్ళీ కట్టాలి."

"నాకొద్దు."

"మీరొద్దంటే కుదరదు" అన్నాడు జోగినాయుడు, తల ఓ పక్కకి వాల్చి.

మధ్యాహ్నానికి తాపీమేస్త్రీలు, సిమెంటు, నలుగురు కానిస్టేబుళ్ళు వచ్చారు. బలప్రయోగం పనికిరాదని విధానం చెప్పిన మాట నిజమే గానీ, అది చప్టాలు తీసేటప్పుడు. కట్టేటప్పుడు వాడకూడదని ఎక్కడా లేదు. సీతాపతిగారిని ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో రెక్కా పట్టుకుని ఆయన వరండాలోనే కూర్చోబెట్టారు. తాయారు అడ్డం పడబోతే మిగతా ఇద్దరూ ఆమెను పక్కకి లాగారు. పాత చప్టా కన్నా ఇది బెత్తెడు మందం ఎక్కువగా, కలెక్టరుగారి హోదాకి తగినట్టుగా పోశారు. శుక్రవారం కలెక్టరుగారు రాలేదు. పక్క ఊళ్ళో ఇంకెవరో అంతకన్నా గట్టిగా కాదంటున్నారట, అక్కడికి వెళ్ళారు.

ఆ నెల సమీక్షలో కమిషనరు పరాంకుశంగారు పథకం ప్రగతిని పరిశీలించారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఎదటివాడికి వినపడేంత కూడా పెంచరు.

"ఒప్పుకున్నవాళ్ళు ఎందరు?" అని అడిగారు.

"ఎవరూ లేరండి" అన్నాడు జోగినాయుడు.

"చప్టాలు ఉన్నవాళ్ళు?"

"వీధి వీధంతానండి."

"నీళ్ళు వస్తున్నాయని ఫిర్యాదు చేసేవాళ్ళు?"

"ఒక్కావిడేనండి. మర తాయారు."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా, మనం ఎక్కడ పొరబడ్డామో. పాలనా సౌలభ్యం దృష్ట్యా ఒక వీధినంతా ఒప్పించడం కన్నా ఒక వ్యక్తిని ఒప్పించడం మేలు. సమస్య చప్టాలది కాదు. సమస్య ఆమె అసమ్మతిది."

"ఏమని ఒప్పించాలండి?"

"నీళ్ళు రావడం మంచిదేనని."

ఈసారి కింది విడతలన్నీ మినహాయించి కమిషనరుగారే స్వయంగా వెళ్ళాలని నిశ్చయమైంది. వేదిక ఆమెకు అనుకూలంగా ఉండాలి గనుక మరలోనే. కబురు అందిన పూట ఆకాశం నల్లగా ఉంది. తాయారు ఆ మబ్బు వంక చూసి, కబురు తెచ్చిన జవాను వంక చూసి, "తప్పకుండా రమ్మనండి. వాన పడ్డా రమ్మనండి" అంది. జవాను వెళ్ళగానే మొగుడూ పెళ్ళాం మోటారు విప్పి, తాళ్ళు కట్టి, అటక మీదికి ఎక్కించారు. తవుడు బస్తాలు బల్లల మీద పేర్చారు. కుర్చీలు మాత్రం నేల మీద, బాగా పల్లం చూసి వేశారు.

పరాంకుశంగారు, జోగినాయుడు, ఇద్దరు గుమాస్తాలు, ఒక ఫొటోగ్రాఫరు వచ్చి కూర్చున్నారు. కమిషనరుగారు ముందే ఒక మాట చెప్పారు.

"అమ్మా, మీ సందేహాలన్నీ తీరేదాకా మేం ఇక్కణ్ణించి లేవం. మధ్యలో లేచిపోవడం పౌరుణ్ణి అవమానించడమే. అలా లేస్తే మా మీద మేమే చర్య తీసుకోవాల్సి ఉంటుంది."

"మీ దయండి" అంది తాయారు. బయట చినుకులు మొదలయ్యాయి.

"నీరు ప్రాణాధారం. ఎందరో దాని కోసం తపిస్తున్నారు. అటువంటిది నీరే మన గడప తొక్కితే దాన్ని అతిథిగా భావించాలి గానీ అన్యంగా చూడరాదు."

"బాగా చెప్పారండి. సగం ఒప్పేసుకున్నాను. ఒకటే సందేహం. అతిథిగా వచ్చినోడు ఎప్పుడెల్తాడో చెప్పాలి కదండి. ఈయన చెప్పడు."

నీళ్ళు గుమ్మం దాటి లోపలికొచ్చాయి. పరాంకుశంగారు అతిథిధర్మం గురించి వివరించారు. ఆ వివరణ అయ్యేసరికి బూట్లు మునిగాయి. ఆయన కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ముడుచుకోబోయి, ఎదురుగా ఫొటోగ్రాఫరు ఉన్నాడని గుర్తొచ్చి మళ్ళీ దించేశారు.

"ఇప్పుడు ఒప్పుకున్నట్టేనా అమ్మా?"

"ముప్పాతిక ఒప్పుకున్నానండి. ఈ వాసన సంగతి కూడా సెలవియ్యండి, పూర్తిగా ఒప్పేసుకుంటాను."

"వాసన అనేది మనసు కల్పించుకునేదే..." అని మొదలుపెట్టి ఆయన జేబురుమాలు తీసుకున్నారు. తాయారు ఎంతో శ్రద్ధగా వింది. మధ్యమధ్య "మళ్ళీ చెప్పండి" అంది. "అద్గదీ" అంది. సూరిబాబు అందరికీ టీ తెచ్చిచ్చాడు. ఒక గుమాస్తా బూటు విప్పి పక్కన పెట్టుకుంటే అది ఆయన్ని వదిలేసి తవుడు బస్తాల వైపు వెళ్ళింది. జోగినాయుడు ఫైలు నెత్తిన పెట్టుకుని, గోడకి ఆనుకుని, ఏ భావమూ లేకుండా నిలబడ్డాడు. నీళ్ళు పిక్కలు దాటి మోకాళ్ళు అందుకున్నాయి. వాన ఇంకా జోరందుకుంది.

ఉన్నట్టుండి పరాంకుశంగారు మాట ఆపారు.

"ఏదో... కాలికి చుట్టుకుంది."

"నీరుకట్టె పాము అయ్యుంటాదండి" అంది తాయారు. "ఏం చెయ్యదు. అదీ అతిథే కదండి. ఆ, వాసన గురించి చెప్తన్నారు."

పురపాలక సంఘంలో చేరిన నాటి నుంచీ ఎన్నడూ పెరగని ఆ గొంతు అప్పుడు పెరిగింది.

"నాయుడూ! ఆ చప్టా పగలగొట్టు!"

"సార్, విడతలు..."

"పగలగొట్టవయ్యా! అన్నీ పగలగొట్టు!"

జోగినాయుడు ఫైలు నీళ్ళలో వదిలేశాడు. గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని ఒక్క కేక పెట్టాడు. ఎన్నాళ్ళ నుంచో లోపల దాచుకున్న కేక అది. వీధి వీధంతా గునపాలతో బయటికొచ్చింది. అందరికన్నా ముందు సీతాపతిగారు. గంట తిరిగేసరికి ఒక్క చప్టా మిగల్లేదు. కాలువ నిండుగా పారింది, మరలో నేల తేలింది. పరాంకుశంగారి కాలికి చుట్టుకున్నది గోనెసంచి పురికొస అని కూడా అప్పుడే తేలింది.

తర్వాత కురిసిన పెద్ద వానలకి కూడా తాయారు మరలోకి చుక్క నీరు రాలేదు. ఆ శ్రావణమాసమంతా మర మోగుతూనే ఉంది. ఆమె మబ్బు వంక చూసి భయపడటం మానేసింది. వాన పడుతుంటే గుమ్మంలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుని తినడం కూడా నేర్చుకుంది.

కానీ కమిషనరుగారు జరిగినదానికి నివేదిక పంపాలి కదా. తాను బలప్రయోగానికి ఆదేశించానని ఆయన ఎలా రాస్తారు? ఏం జరిగిందో ఉన్నదున్నట్టు ఆలోచించుకుని, మోకాలి లోతు నీటిలో నిర్వహించిన అనునయం ఒక్క విడతలోనే సంపూర్ణ ఫలితాన్నిచ్చినదని రాశారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పై వాళ్ళకి అది ఎంతో నచ్చింది. ఇక మీదట అన్ని పురపాలక సంఘాలూ అనునయాన్ని మోకాలి లోతు నీటిలోనే జరపాలని, నీటి ఎద్దడి ఉన్న చోట్ల టాంకర్లతో తెచ్చి నింపుకోవాలని ఆదేశాలొచ్చాయి. ఈ పద్ధతి పుట్టిన చోటు గనుక ఉప్పుకొట్ల వీధి పిండిమరను అధికారుల శిక్షణకేంద్రంగా గుర్తించారు.

ఎండ ఫెళ్ళున కాస్తున్న ఒక ఉదయం మర ముందు పెద్ద నీళ్ళ టాంకరు వచ్చి ఆగింది. వెనక జీపులో శిక్షణకు వచ్చిన అధికారులు, పంచెలూ పాంట్లూ మోకాళ్ళ పైకి మడుచుకుని సిద్ధంగా ఉన్నారు. డ్రైవరు దిగి లావుపాటి గొట్టాన్ని మర గుమ్మంలోకి తోసి, మళ్ళీ బండెక్కి కూర్చున్నాడు. జోగినాయుడు చేతులు జోడించి, తల ఓ పక్కకి వాల్చి నిలబడ్డాడు.

"బలవంతమేమీ లేదమ్మా, తాయారు గారూ. ఒక్క పూట. మోకాలి దాకానే నింపుతాం, కావాలంటే గోడ మీద గీత గీసి ఇస్తాం. మీరు ఊ అనేదాకా ఇక్కడే ఉండి, ఓపిగ్గా..."

తాయారు అప్పటిదాకా లోపల కూర్చుని అరిగిపోయిన మర రాళ్ళకి గంట్లు పెట్టుకుంటోంది. పిలుపు విని, ఉన్నపళంగా, సుత్తి చేతిలో ఉండగానే బయటికొచ్చింది. జోగినాయుడు చెప్పేదంతా నిదానంగా వింది. గొట్టాన్ని చూసింది. జీపులో మడిచిన పంచెల్ని చూసింది. లోపల కొత్త బెల్టుతో మెరుస్తున్న మోటారును ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత, సుత్తి పిడి బిగించి పట్టుకుని, టాంకరు వైపు రెండడుగులు వేసింది.

ఆమెను ఎవరూ ఒప్పించే ప్రయత్నం చేయలేదు. డ్రైవరు, ఎవరూ బతిమాలకుండానే, రివర్సు గేరు వేశాడు.